ఇంకో అక్క

మా చెల్లెలు మళ్ళీ పగలబడి నవ్వగా నేను విన్నది నాచారంలో, ఒక బడి వరండాలో కూర్చుని. ఆ నవ్వు కోసం ఏళ్ళ తరబడి మొహం వాచి ఉన్నదాన్ని. సంతోషపడాలి కదా? పడలేదు. ఒళ్ళు భగ్గుమంది. నవ్వించింది నేను కాదు మరి.

ఆ బడి ఆదివారాలు ఖాళీగా ఉండేది. మానసిక జబ్బులున్నవాళ్ళూ, వాళ్ళ ఇంటివాళ్ళూ అక్కడ కలుసుకునేవారు. దాన్ని మొదలుపెట్టిన పెద్దాయన ఒక రిటైరైన ఇంజనీరు. ఆయన కొడుక్కీ ఇలాంటి జబ్బే. ఆ బాధ పడి లేచినవాళ్ళు చెప్పే ధైర్యం డాక్టర్లు కూడా చెప్పలేరని ఆయన నమ్మకం. పద్ధతి ఏమిటంటే, జబ్బున్నవాళ్ళు లోపల తరగతి గదిలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని, తలుపు మూసుకుని మాట్లాడుకోవాలి. మేం, అంటే అమ్మలూ నాన్నలూ మొగుళ్ళూ అక్కలూ, బయట వరండాలో కూర్చోవాలి. లోపల అన్న మాట బయటికి రాకూడదు. మేం అడగనూ కూడదు.

అడగకూడదట! ఎవర్ని? నన్ను! మా చెల్లెలు డిగ్రీ చదువుతుండగా దానికి ఎవరూ లేని చోట మాటలు వినిపించడం మొదలైన రోజు నుంచీ దాని వెనకాల ఉన్నది నేను. కృష్ణా జిల్లా నుంచి నాచారం ఫ్యాక్టరీలో గుమస్తాగా వచ్చిన మా నాన్న అప్పటికే పోయారు. కొన్నాళ్ళకి అమ్మా పోయింది. రామంతాపూర్‌లో పంతులమ్మ ఉద్యోగం చేసుకుంటూ దానికి మాత్రలు మింగించింది నేను, జడ వేసింది నేను, ఉప్పల్ రింగు రోడ్డు మీద బస్సులకి అడ్డంగా నడిచిపోతుంటే చెప్పులు వదిలేసి పరిగెత్తి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది నేను. ఆ తలుపు నా మొహం మీద వేస్తారా?

ఒక్క పని మాత్రం నేను చెయ్యలేదు. ఆ గొంతు ఏమంటోందని దాన్ని ఎప్పుడూ అడగలేదు. అడిగితే జబ్బు ముదురుతుందని చుట్టాలందరూ చెప్పారు. నేనూ నమ్మాను. కాబట్టి మా ఇంట్లో అన్ని మాటలూ ఉండేవి, ఆ ఒక్కటి తప్ప.

హబ్సిగూడ డాక్టరుగారు వెళ్ళమంటే వెళ్ళాం ఆ ఆదివారం మీటింగుకి. రెండో వారమో మూడో వారమో ఆ నవ్వు వినిపించింది. తలుపు తీశాక చూద్దును కదా, మా చెల్లెలి పక్కన ఒకావిడ. జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలో మసాలా పొడుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. దగ్గరికొస్తే ధనియాల వాసన. ఆవిడకీ ఒకప్పుడు గొంతులు వినిపించేవట, ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తాయట. ఆ మాట జలుబు చేసిందన్నంత తేలిగ్గా చెప్పింది. సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మా చెల్లెలి ముందు పెట్టింది.

"తిను చెల్లె. పొద్దున చేసిన సర్వపిండి."

ఇంట్లో పెసరట్టు వేస్తే బతిమాలి, బామాలి, చివరికి తిడితే గాని ముద్ద ఎత్తని మనిషి, ఆ డబ్బా మూతకంటిన నువ్వులు కూడా వేలితో అద్దుకుని తినేసింది. నేను అలా చూస్తూ నిలబడ్డాను. "మీరూ తినుండ్రి టీచరమ్మా" అని ఆవిడ నాకూ ఒక ముక్క విరిచింది. అక్కర్లేదన్నాను. నిజం చెప్పొద్దూ, నోరూరింది కూడా. అది ఇంకా మంట.

తర్వాత మొదలైంది అసలు భాగోతం. మా చెల్లెలు ఆవిణ్ణి "అక్కా" అని పిలవడం. పిలుపులకి కరువొచ్చిందా? పేరు పెట్టి పిలవచ్చు, వదినా అనచ్చు, ఏమండీ అనచ్చు. అక్క అనే మాట మా ఇంట్లో నాది. పుట్టినప్పట్నుంచీ నాది. పైగా ఎవరి గురించి చెబుతోందో నేను కనుక్కోవాల్సి వచ్చేది. "అక్క ఇలా అంది" అంటే "నేనెప్పుడన్నానే?" అనేదాన్ని. "నువ్వు కాదు, అక్క" అనేది. నువ్వు కాదు, అక్క! వినండి ఆ మాట.

మాట తీరు కూడా మారింది. "జర నీళ్ళియ్యవా" అంటుంది. "మస్తుంది చారు" అంటుంది. మనింట్లో మన మాటలు మాట్లాడవే అంటే, "ఏందక్కా, గట్ల జూస్తవ్?" అని మొహం తిప్పుకుంటుంది. అప్పుడు బయట తెలంగాణ ఉద్యమం జోరుగా ఉంది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, బడి ఉంటుందో లేదో తెలియదు. స్టాఫ్ రూములో అందరూ రాష్ట్రం విడిపోతుందా లేదా అని గొంతులు చించుకుంటుంటే నేను పేపర్లు దిద్దుతూ మా ఇల్లు విడిపోతుందేమోనని ఏడుస్తుండేదాన్ని.

ఇంకోటి చెబుతాను. వంటింట్లోంచి నేను పిలిస్తే అది పలికేది కాదు. మళ్ళీ పిలిచేదాన్ని. గొంతు పెంచి పిలిచేదాన్ని. నా గొంతు సంగతి బళ్ళో అందరికీ తెలుసు, మైకు లేకుండా ప్రార్థన చేయించేదాన్ని. ఉలుకూ పలుకూ ఉండేది కాదు. వెళ్ళి చూస్తే తలగడ చెవులకి అదుముకుని పడుకుని ఉండేది. అదే ఆ మహాతల్లి గేటు దగ్గర నిలబడి "ఓ చెల్లె" అని మెల్లగా అంటే చాలు, చెప్పులేసుకుని సిద్ధం. ఆ గ్రూపులో చేరాక కొత్త అలవాటొకటి. నేనేదైనా చెబుతుంటే కళ్ళల్లోకి చూడకుండా నా మూతి వంకే చూసేది. ఇదీ ఆవిడ నేర్పిన పొగరే అనుకున్నాను.

ఒకరోజు అన్నం తింటూ చెప్పేసింది. "అక్కా, నేను ఆ అక్క గదికి పోయి ఉంటా. ఇంకొకరికి చోటుందంది. ఫ్యాక్టరీలో పని కూడా ఇప్పిస్తానంది."

"వీల్లేదు" అన్నాను.

"ఎందుకు?"

"మాత్రలు ఎవరు వేస్తారే? మళ్ళీ రోడ్డు మీద పడితే ఎవరు పరిగెత్తుతారు, మసాలా పొట్లాలు కట్టే ఆవిడా?"

అది నా మూతి వంక చూసి చూసి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. ఆ వారమంతా నాకు తిండి సయించలేదు. అది వెళ్ళిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి మందులు మానేస్తే ఏమైందో చూసినదాన్ని. దాని ప్రాణం మీదికి వస్తుందన్న భయం ఒక పక్క. నేను లేకుండా అది బాగుంటే ఎలా అన్న కుళ్ళు ఇంకో పక్క. రెంటిలో ఏది ఎక్కువంటే చెప్పడం కష్టం.

ఆ తర్వాతి ఆదివారం పెద్దాయన ఇంటివాళ్ళకీ జబ్బున్నవాళ్ళకీ కలిపి ఒక తరగతి పెట్టాడు. గొంతులు వినిపించడమంటే ఏమిటో ఇంటివాళ్ళకి తెలియాలట. ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు రెండు చెవుల దగ్గరా దినపత్రికలు గొట్టాల్లా చుట్టి అందులోంచి గుసగుసలాడతారు. ఎదురుగా ఇంకొకరు మామూలు ప్రశ్న అడుగుతారు. జవాబు చెప్పాలి. అంతే ఆట. ఎవరు కూర్చుంటారంటే తగుదునమ్మా అని నేను లేచాను. ఎడమ చెవి దగ్గర ఎవరో పెద్దావిడ. కుడి చెవి దగ్గరికి ఎవరొచ్చారో వాసనకే తెలిసింది.

పెద్దాయన అడిగాడు. "ఉప్పల్ రింగు రోడ్డు నుంచి టీవీ స్టేషనుకి ఎట్లా పోవాలి, చెప్పండి."

రోజూ నేను బడికి పోయే దారి! ఇంతలో ఎడమ చెవిలో "తలుపు వెయ్యలేదు, పాలు పొంగిపోతున్నాయి" అని గొణుగుడు. కుడి చెవిలో "నీతోని కాదు, అందరు జూస్తున్రు, నీతోని కాదు" అని ఒకటే పోరు. ముందు హబ్సిగూడ వైపు తిరగాలన్నాను. కాదు కాదన్నాను. తర్వాత మాట రాలేదు. వెనక నలుగురు నవ్వారు, మంచి మనసుతోనే. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. కుడివైపు గొట్టం లాక్కుని నేలకేసి కొట్టాను.

"ఆట చాలు. లోపల కూర్చుని మా చెల్లెలికి ఏం నూరిపోస్తున్నావో అందరి ముందూ చెప్పు."

"నేనేం నూరిపోస్తలేను టీచరమ్మా" అంది ఆవిడ.

"నాకు చెప్పనిది నీకేం చెప్పింది?"

"గా ముచ్చట నేను జెప్పొద్దు. ఆమెనే జెప్పాలె."

"నేను దాని అక్కని!"

ఆవిడ మా చెల్లెలి వంక ఒకసారి చూసి, నా వైపు తిరిగి, "గందుకే గద టీచరమ్మా" అంది. కోపంగా అనలేదు. జాలిగా అంది. చెంప మీద కొట్టినా బాగుండేది.

ఇంటికి నడిచే వస్తున్నాం. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వి పోశారు. రేకుల గోడ పక్కన మనిషి పట్టేంత దారి. అది ముందు, నేను వెనక. నడుస్తూ నా నోరు ఊరుకోలేదు, ఆవిణ్ణి తిడుతూనే ఉన్నాను. మా చెల్లెలు ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అక్కా, ముందుకు రా. వెనక నుంచి మాట్లాడకు."

ఎందుకన్నాను. ముందుకు రమ్మంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నా మూతి వంక చూస్తూ చెప్పింది.

"నాకు వినిపించే గొంతు నీదే."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. అచ్చం నా గొంతే. నాలాగే "ఏమే" అని మొదలుపెడుతుందట. ఏమంటుందే అని అడిగాను, అన్నేళ్ళలో మొదటిసారి.

"ఎప్పుడు చస్తావే, నా పీడ విరగడవుతుంది అంటుంది."

"నేనెప్పుడైనా అన్నానా ఆ మాట?" నడి రోడ్డు మీద అరిచాను. "అమ్మ మీద ఒట్టు, కల్లో కూడా అనుకోలేదే!"

"అనలేదు. ఇప్పుడు తెలుసు. నువ్వు కనపడకుండా పిలిస్తే ఏది నువ్వో ఏది కాదో నాకు తెలిసేది కాదు. అక్క చెప్పింది, నోరు జూడు, నోరు కదిలితె మీ అక్క, కదలకపోతె పట్టించుకోకు అని."

రేకుల గోడకి ఆనుకున్నాను. లారీలు పోతూనే ఉన్నాయి. వంటింట్లోంచి నేను అన్నానికి రమ్మని అరిచిన ప్రతిసారీ అది తలగడ కింద ఏం విన్నదో తలుచుకుంటే ఏడుపొచ్చింది. అంత ఏడుపులోనూ నా బుద్ధి పోనిచ్చుకున్నానా? ఈ సంగతి నాకంటే ముందు ఆవిడకి తెలుసు కదా అని కడుపు రగిలిపోయింది. అంతకంటే పెద్ద కుళ్ళు ఆ గొంతు మీద. నేను బడికి పోయినా, నిద్రపోయినా, నా గొంతు వేసుకుని దాని దగ్గర కూర్చున్నది నేను కాదు.

"నా గొంతుతో నిన్ను పొమ్మనడానికి అదెవతె? నాకు దొరకాలి గాని!" అన్నాను.

"అక్క కూడా అదే అంది. మీ అక్క మస్తు గట్టిది, తెలిస్తె దాన్ని కొడ్తది అని" అంది మా చెల్లెలు.

అదీ ఆవిడకే తెలుసు.

ఆ గొంతు మా ఇంట్లో గోడ గోడకీ ఉందని, కొన్నాళ్ళు వేరే చోట ఉంటే నేనెవరో ఆ గొంతెవరో తనకి బాగా తెలుస్తుందని మా చెల్లెలు చెప్పింది. డాక్టరుగారూ సరే అన్నారు. పక్కబట్టలు, మాత్రలు, రెండు గిన్నెలు ఆటోలో వేసుకుని నేనే దిగబెట్టాను. నాచారంలో ఇరుకు సందు, ఒకటే గది, ఒకటే స్టౌ. ఆవిడ నేల తడిబట్టతో తుడిచి పెట్టింది. ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలో అప్పజెప్పాను. ఆవిడ బుద్ధిగా వింది. "ఫికర్ జెయ్యకుండ్రి" అంది. చెయ్యకుండా ఎలా ఉంటాను?

వచ్చేముందు మా చెల్లెలి చేతిలో కొత్త సెల్‌ఫోను పెట్టాను. సాయంత్రం బడి వదలగానే రోజూ చేస్తానని, ఒక్క రింగుకే ఎత్తాలని చెప్పాను. అది ఫోను అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయింది. తర్వాత నా మూతి వంక చూసింది.

"నువ్వు మాత్రం చెయ్యకక్కా. ఫోన్లో నోరు కనపడదు కదా. నువ్వు రా."

ఆ ఫోనుకి ఆవిడ చేసేది. ఫ్యాక్టరీలో డ్యూటీ దిగగానే, బస్సెక్కగానే, కూరగాయల బండి దగ్గర నిలబడి వంకాయలా బెండకాయలా అని అడగడానికి. నేను మాత్రం బడి అయ్యాక షేరాటోలో ఇరుక్కుని నాచారం వెళ్ళేదాన్ని. సందులోంచి పిలిచేదాన్ని కాదు. గుమ్మంలో వెలుతురు పడేచోట నిలబడి, అది తలెత్తి నా నోటి వంక చూసేదాకా ఒక్క మాట మాట్లాడేదాన్ని కాదు.