రేకు ముక్క పెట్టిన ఎర్ర గిటార్

నిన్న పొద్దున స్టాఫ్‌రూమ్‌లో ఉండగా చర్ల చర్చి వాట్సాప్ గ్రూప్‌లో ప్రకాశన్న ఫొటో వచ్చింది.

బర్త్‌డే అనుకున్నా. "హ్యాపీ" అని టైప్ కూడా చేశా.

అప్పుడు పైన మెసేజ్ చూశా. గుండెపోటు. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే...

టైప్ చేసింది చెరిపేశా. పక్క సీటు మేడమ్ "ఎవరు?" అని అడిగింది. "మా ఊళ్లో ఒకాయన" అన్నా.

అమ్మ చర్ల దవాఖానాలో నర్సుగా ఉన్నప్పుడు మా ఇంటి ఎదురుగా అన్న సైకిల్ పంక్చర్ షాప్. ఆదివారం చర్చిలో ఆయన గిటార్, నా పాట. మా చుట్టరికం అంతే.

ఆ గిటార్ మీలో చర్ల చర్చివాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎర్రది, నాలుగు స్విచ్‌లు. ఖమ్మంలో సెకండ్ హ్యాండ్‌లో దొరికిన పాతకాలం చవక రకం. మెడ వంగి తీగలు పైకి లేచి ఉండేవి. బలమంతా పెట్టి నొక్కితేనే పలికేది. తీగ బిగించే కీ ఒకటి విరిగితే పటకారుతో శ్రుతి చేసేవాడు.

ఒక క్రిస్మస్ ప్రోగ్రామ్ మధ్యలో కరెంట్ పోయింది. కరెంట్ లేని ఎలక్ట్రిక్ గిటార్‌ది దోమంత సౌండ్. అన్న ఆపలేదు. పాస్టర్ గారు మా వైపు తిరిగి "మెల్లగ పాడున్రి, ప్రకాశ్ వాయించేది వినబడాలె" అన్నారు.

చర్చి మొత్తం గొంతు తగ్గించింది. అంతమంది కలిసి అంత మెల్లగా పాడటం నేను మళ్లీ ఎక్కడా వినలేదు.

మూడేళ్ల కింద ఆన్‌లైన్‌లో అచ్చం అదే గిటార్ కనబడింది. రీఇష్యూ అంటారట. ఒకప్పుడు చవకదని ఎవరూ పట్టించుకోని మోడల్‌నే ఇప్పుడు కంపెనీలు మళ్లీ చేస్తున్నాయి. అదే రూపం, అదే ఎరుపు. పాత లోపాలు మాత్రం తీసేసి.

ఆర్డర్ పెట్టేశా.

రిపేర్ చేయిస్తానని పాతది ఖమ్మం తీసుకెళ్లా. షాపాయన "దీని మెడ ఇంక సీదా కాదు మేడమ్, వదిలెయ్యున్రి" అన్నాడు. అక్కడే వదిలేశా. అన్నను ఒక్కమాట అడగలేదు. సర్‌ప్రైజ్ కదా!

కొత్తది చూసి అన్న పకపకా నవ్వాడు. "ఏంది చెల్లె, ముసలోణ్ణి పెండ్లికొడుకును చేసినవ్."

ఆ ఆదివారం మొదటి పాటకే అపశ్రుతి. కొత్త తీగలు సన్నం, తాకితే పలుకుతాయి. అన్న వేళ్లు పాత బలంతోనే నొక్కుతున్నాయి. తీగ సాగి స్వరం పైకి పోతోంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

అన్న విన్నాడు. నేనూ విన్నా.

"గిటార్ మంచిదే చెల్లె. నా చెయ్యే మొద్దు."

ఆ తర్వాత చర్చిలో వాయించలేదు. పాతది తెద్దామని ఖమ్మం షాప్‌కి పరుగెత్తా. అప్పటికే విప్పేసి పార్ట్‌లు వాడేశారు. ఆ సంగతి చెప్పే ధైర్యం లేక అన్నకు ఫోన్లు తగ్గించా. తర్వాత మానేశా.

ఆయన పాటను నేనే ఆపేశానని మూడేళ్లుగా లోపల నలుగుతూనే ఉంది.

నిన్న సాయంత్రం సమాధి దగ్గర కీబోర్డ్ ఒక్కటే మోగింది.

ఈ పొద్దున వాళ్లింట్లో చుట్టాలంతా వెళ్లాక అన్న భార్య రూతు వదిన ఆ కొత్త గిటార్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "జూడు, ఏం జేసిండో."

మందం తీగలు వేశాడు. మెడ చివర తీగలు ఆనేచోట, కింద ఒక రేకు ముక్క. సైకిల్ మడ్‌గార్డ్‌ది. అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి. రెండో కొసన స్క్రూలు తిప్పి తీగల్ని పైకి లేపాడు. పాతదానిలాగే.

కంపెనీ తీసేసిన లోపాన్ని కూర్చుని మళ్లీ పెట్టుకున్నాడు మా అన్న.

"రోజు షాపు తెరిచే ముందు ఇంటెనక వాయించెటోడు" అంది వదిన. "చర్చికి తీస్కపోరాదూ అంటే, 'ఇంక జర కుదరాలె, కుదిరినంక ముందు చెల్లెకు ఫోన్ల వినిపిస్త' అనెటోడు. కుదిరిందో లేదో నాకేం ఎరుక?"

మానలేదన్నమాట. దీనికి నేను సంతోషపడాలా? ఒక్కసారి ఫోన్ చేసి ఉంటే, కుదరకపోయినా వినిపించేవాడేమో.

బలమంతా పెట్టి ఒక తీగ నొక్కి మీటా. కరెంట్‌కి తగిలించలేదు. చెవి చెక్కకు ఆనిస్తేగానీ వినబడలేదు.

స్వరం సరిగ్గా ఉంది. ఇంకోటి నొక్కా. అదీ సరిగ్గానే ఉంది. రెండు స్వరాలతో తేలే విషయమా అంటే, ఏమో.

చర్ల బస్టాండ్‌లో కూర్చుని ఇది రాస్తున్నా. ఎడమచేతి వేళ్ల మీద తీగ గీతలు ఇంకా పోలేదు.

కుదిరింది, ప్రకాశన్నా. మెల్లగానే వినబడింది, కానీ విన్నా.

ఇంక చేతికి విశ్రాంతినివ్వు. ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.