డీజిల్ కొళాయి

సర్జాపురలోని మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయి జనరేటర్ మొదలవగానే డీజిల్ వాసన పైకి వస్తుంది. నేను లేచి కిటికీ మూసేస్తాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఇక్కడికి దగ్గర్లోనే మాకు రాగిచేను ఉండేది. నాయనను ఒక్క మాటైనా అడగకుండా పెదనాయన దాన్ని ఇళ్ల స్థలాల లేఅవుటుకు ఇచ్చేశాడు. హద్దురాళ్లు పాతేవాళ్లు రేపొస్తారు, పైరు దున్నేయమన్నాడు. అప్పటికి వెన్నులు గింజ పట్టి ఉన్నాయి.

ఆ ఉదయం మా పాత ట్రాక్టర్ స్టార్ట్ కాలేదు. డీజిల్ గొట్టంలో గాలి తీయడానికి నాయన ఇంజను పక్కన నట్టు వదులు చేసి, చేత్తో పంపు కొడుతూనే ఉన్నాడు. మామూలుగా గాలి బుడగలు పోయి డీజిల్ చిమ్మేది. ఆ రోజు చుక్క రాలేదు.

"గాలి పట్టుండాదన్నా. ఇది ఇప్పట్లో కదల్దు," అన్నాడు పెదనాయనతో.

"నిన్న బాగానే ఉండె కదప్పా," అన్నాడు పెదనాయన.

నేను వంగి చూశాను. ట్యాంకు కింద, ఇంజనుకు డీజిల్ వదిలే కొళాయి మూసి ఉంది. ఇంత చిన్న సంగతి నాయనకు తెలియలేదా!

"నాయనా, కొళాయి మూసేసుండాది!" అని అరిచి నేనే తిప్పేశాను.

పెదనాయన నన్ను ఎత్తుకుని మెచ్చుకున్నాడు. నాయన నా వైపు చూడలేదు. మళ్లీ పంపు కొట్టి, నట్టు బిగించి, బండెక్కి, చేనంతా తానే దున్నేశాడు. నేను గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాను.

మా బండికి ఆ కొళాయి ఎప్పుడూ తెరిచే ఉండేది. ఎవరు మూశారని ఆ రోజు నాకు అనుమానమే రాలేదు. ఇంకో పది రోజులు ఆగితే ఆ రాగి కోతకొచ్చేది.