తాబేలు చెరువులో గెంపాచి తాత సొత్తు

గెంపాచి తాతకున్నది ఒకే ఒక్క జబ్బు. చెరువు పూడికలోంచి ఏ వస్తువు బయటపడ్డా, అది ఎవరిదో తేలేదాకా ఆయన నోరు మూతపడదు. "ఇదెవరిదర్రా?" అని అరుస్తాడు. పెళ్ళి కాలేదు, పొలం లేదు, పళ్ళు సగం లేవు. గొంతు మాత్రం, వాళ్ళుండే జపాను దేశపు అవాజీ దీవి ఈ చివర అరిస్తే ఆ చివర పడవల్లో వాళ్ళు తలలు తిప్పి చూసేంతది.

మూడేళ్ళకోసారి, వరికోతలయ్యాక చలికాలంలో, తాబేలు చెరువు తూము ఎత్తి నీళ్ళన్నీ వదిలేస్తారు. ముందు చేపలు పడతారు. తరవాత ఊరు ఊరంతా మోకాలిలోతు అడుసులోకి దిగి, పేరుకున్న పూడికను తట్టలకెత్తి, చేయీ చేయీ మార్చుకుంటూ గట్టు మీదికి పంపుతారు. అక్కణ్ణుంచి అది ఉల్లితోటలకు పోతుంది. ఆ గట్టు మీద బోర్లించిన తొట్టి మీద గెంపాచి తాత వెదురు పుల్ల పట్టుకుని కూర్చునుంటాడు. మోకాళ్ళు పోయాయి కాబట్టి దిగలేడు. ప్రతి తట్టా ఆయన ముందు ఆగాలి. ఆయన పుల్లతో పొడిచి చూడాలి. చూశాకే ముందుకు.

"తాతా, అది మట్టి. ఉత్త మట్టి" అని కుర్రాళ్ళు విసుక్కునేవాళ్ళు.

"మట్టి చెరువుది. మిగతాదంతా ఎవరో ఒకరిది" అనేవాడు తాత.

ఒకసారి పళ్ళసెట్టు దొరికింది. తాత ఊళ్ళో యాభై దాటినవాళ్ళందరినీ గట్టు మీద వరసగా నిలబెట్టి నోళ్ళు తెరవమన్నాడు. ఊరిపెద్ద నోట్లో పెట్టి చూస్తే వదులైంది. గుడి పూజారి నోట్లో ఇరుక్కుపోయి, ఊడబెరకడానికి ఇద్దరు కావలసి వచ్చారు. చివరికి అది యసుకే అత్తగారిదని తేలింది. వరికంకులు తింటున్న బాతుల మీద కోపం వచ్చి, చేతికి రాయి దొరక్క, నోట్లోది తీసి విసిరిందట.

ఇంకోసారి తాకి అనే ఆవిడ ఇనప కెటిల్ బయటపడింది. తాకి ఊళ్ళో నోరున్న మనిషి. ఆ కెటిల్‌ను కోడలే పుట్టింటికి చేరవేసిందని రెండేళ్ళుగా ఇంటింటికీ చెప్పుకు తిరుగుతోంది.

"ఇదెవరిదర్రా? అడుగున సొట్ట! మూతకి తాడు!"

"నాది కాదు" అంది తాకి.

"నీదని నేనన్నానా?"

"అనబోతున్నావుగా!"

కోడలు మాత్రం అడుసులోంచి గట్టెక్కి వచ్చి, ఆ కెటిల్‌ను రెండు చేతులా అందుకుని, తాత ముందు నడుము వంచింది. ఆ రోజు నుంచీ తాకికి గెంపాచి అంటే పడదు.

ఇంత పట్టుబట్టే మనిషికి ఒక వింత లోపం ఉండేది. ఊళ్ళో అందరికంటే ఎక్కువ వస్తువులు చెరువులో పారేసుకున్నది ఆయనే. ఒక తట్టలో ఐదు సాకే సారా సీసాలు వచ్చాయి. "నావి" అన్నాడు. సాకే వాసన కూడా పడని మనిషి. ఆడవాళ్ళ దువ్వెన వచ్చింది. "నాదే" అన్నాడు. ఆ తల మీద దువ్వడానికి ఏమీ లేదు. ఎర్రతాడున్న పసిపాప చెక్కచెప్పు ఒకటి వచ్చింది. అదీ ఆయనదేనట. "నీ కాలికి అదెప్పుడు పట్టిందయ్యా?" అని జనం పడీపడీ నవ్వారు. "చిన్నప్పుడు" అన్నాడు తాత, చెప్పును అంగీ రొమ్ము మడతలో దోపుకుంటూ. మన చెరువు పూడుకుపోయేది మట్టితో కాదు, గెంపాచి సామాన్లతో అని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు.

మళ్ళీ తూము ఎత్తే రోజు దగ్గర పడింది. ఈసారి గెంపాచిది ఏం దొరుకుతుందోనని అందరూ సరదాగా పందేలు కాసుకుంటుంటే, కినుయో అనే పిల్లకు ఒక్కదానికి మాత్రం చేతిలో పని సాగలేదు.

కినుయోకు పదిహేడేళ్ళు. మాట తక్కువ, చూపు ఎక్కువ. రెండేళ్ళ కిందట, తండ్రి పోయిన కొద్ది నెలలకు, బడి మాస్టారు ఒక ఉత్తరం రాసి, కవరు మీద "మసు గారికి" అని పేరు పెట్టి, అమ్మకివ్వమని ఆమె చేతికిచ్చారు. పై చదువు గురించి. ఇంట్లో ఇద్దరు చిన్న తమ్ముళ్ళు, రెండు చెక్కల ఉల్లితోట, అమ్మ ఒక్కతే. ఆ ఉత్తరం చదివితే అమ్మ తన తిండి మానేసైనా చదివిస్తుందని కినుయోకు తెలుసు. అందుకే ఇవ్వలేదు. మాస్టారితో "అమ్మ ఒప్పుకోలేదండీ" అంది. అమ్మతో "నాకు చదువు ఎక్కదు, ఇష్టం లేదు" అంది. ఉత్తరాన్ని కాల్చడానికి చెయ్యి రాలేదు. నూనె కాగితం చుట్టి, అల్యూమినియం అన్నం డబ్బాలో పెట్టి, డబ్బాను బడి సంచిలో ఒక రాయితో పాటు వేసి, తాబేలు చెరువులోకి జారవిడిచింది. సంచేదని అమ్మ అడిగితే, మేనత్త కూతురికి ఇచ్చేశానంది.

ఆ చెరువును మూడేళ్ళకోసారి అడుగు కనిపించేదాకా ఎండగడతారని ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు కినుయోకు మాత్రం నీళ్ళే కనిపించాయి.

ఇప్పుడా సంచి దొరికితే, గెంపాచి తాత ఊరందరి ముందూ సంచి మూతలోపల రాసున్న తన పేరు చదివి అరుస్తాడు. అమ్మ ఉత్తరం చదువుతుంది. కూతురు తన కోసమే చదువు మానుకుందని తెలిశాక, ఆ మనిషికి ఇంక ముద్ద దిగుతుందా?

తూము ఎత్తడానికి రెండు రోజుల ముందు, తెల్లవారుతుండగా, పొడుగాటి వెదురుతో నీళ్ళలో కెలుకుతోంది కినుయో. వెనక దగ్గు వినిపించింది.

"ఏం వెతుకుతున్నావే?"

"తామర దుంపలు తాతా."

"మన చెరువులో తామరలు ఎప్పుడున్నాయి?"

"అదే... లేవేమోనని చూస్తున్నా."

"ఉన్నాయా మరి?"

"లేవు."

"సరే, లేవని తేలింది" అని తాత మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

నీళ్ళు పోయాయి. చేపలు పట్టారు. మూడో రోజు పొద్దున తట్టల వరసలో తల్లీ కూతుళ్ళు పక్కపక్కనే నిలబడ్డారు. యసుకే సరిగ్గా ఆ చోటే తవ్వుతున్నాడు. కినుయో కళ్ళు అతని పార మీదే ఉన్నాయి. నల్లటి అడుసుతో పాటు ఏదో బరువుగా తట్టలో పడింది. తట్ట చేతులు మారుతూ కినుయో దగ్గరికి వచ్చింది. బురదలోంచి సంచి పట్టీ తొంగి చూస్తోంది. ఆమె తట్టను వదల్లేదు.

"ఏమైందే? నిద్రపోతున్నావా?" అని మసు తనే లాక్కుని పైకి అందించేసింది.

గట్టు మీద తాత పుల్ల ఆగింది. "ఇదెవరి..." అని గొంతెత్తుతూనే సంచి మూత ఎత్తి చూశాడు. అరుపు సగంలో తెగిపోయింది. ఆ గొంతు అలా ఆగడం ఎవరూ ఎరగరు. చెరువులో పారలన్నీ నిలిచిపోయాయి. తాత సంచిని బురదతో సహా తొట్టి మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు.

"నాది" అన్నాడు.

"నీదా?" తాకికి ప్రాణం లేచి వచ్చింది. "అది బడి సంచి అన్నా!"

"బడి సంచే. నాదే."

"నువ్వు మూడో తరగతిలోనే గోడ దూకి పారిపోయావుగా!"

"అందుకే కొనుక్కున్నా. మళ్ళీ వెళదామని."

"ఎప్పుడూ?"

"మొన్నామధ్య. అరవయ్యారో ఏట."

చెరువంతా గొల్లుమంది. మసు కూడా తట్ట పట్టుకునే నవ్వింది. కినుయోకు మాత్రం కాళ్ళు అడుసులో ఇంకా కిందికి దిగుతున్నట్టుంది.

"మరి చెరువులో ఎందుకేశావ్?"

"లెక్కలు రాలేదు. కోపం వచ్చింది."

"లోపల డబ్బా ఏదో ఉందే! తియ్యి చూద్దాం."

"ఊరగాయ. ఇంకా ఊరుతోంది. మూత తీస్తే పాడైపోద్ది."

"సంచికి పేరుంటుందిగా! పళ్ళసెట్టుకి ఊరందరి నోళ్ళూ తెరిపించావ్. ఇప్పుడు నీ సంచి తెరవ్వేం? లే, లేవంటుంటే!" అంటూ తాకి గట్టెక్కసాగింది.

తాకి మొదటి కానుపు బిడ్డ నడక నేర్చిన ఏడే పోయిందని ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. మూడేళ్ళ కిందట ఆ పసిచెప్పు దొరికి జనమంతా నవ్వుతుంటే, ఒక్క తాకి మొహం అటు తిప్పుకోవడం కినుయో చూసింది. అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడైంది. తాకి అలా మీదిమీదికి వస్తుంటే, తాత "ఆ చెప్పు" అని ఒక్క మాటంటే చాలు, ఆ నోరు ఠక్కున మూతపడుతుంది. తాత ఆ మాట అనలేదు. తిట్లు తింటూ సంచి మీద అలాగే కూర్చున్నాడు.

తాకి గట్టు సగంలో ఆగింది. ఆయన మొహంలోకి చూసింది. ఒకప్పుడు చెప్పు దోపుకున్న ఆ రొమ్ము మడత కేసి చూసింది.

"సర్లే" అంది చివరికి. "ఆయన సంచి ఆయన దగ్గరే ఉండనీండి. ఏంటలా చూస్తారు, తట్టలు కదపండి!"

అందరికంటే ముందు పార అందుకున్నది యసుకే. భార్య పోయాక తాగుడు మానేసిన యసుకే. ఆ ఐదు సీసాలు ఎవరివో కూడా కినుయోకు అప్పుడే తెలిసింది.

మర్నాడు ఆమె కాలవలో తట్టలు కడుగుతుంటే తాత వచ్చి పక్కన కూలబడ్డాడు. సంచి భుజానికి వేలాడుతోంది. ఉతికాడు. మూతలో పేరున్న ముక్కను కత్తిరించేశాడు.

"డబ్బా తెరిచానే. కవరు చింపలేదు. పేర్లు కూడబలుక్కోవడం తప్ప నాకు చదవడం రాదు కూడా."

కినుయో తట్ట రుద్దుతూనే ఉంది.

"ఇన్నేళ్ళలో ప్రతి వస్తువూ ఎవరిదో తేల్చాను. ఇదొక్కటే తేలట్లేదు. పేరు మీ అమ్మది. దాచింది నువ్వు. మోస్తోంది నేను. ఎవరిదంటావ్?"

"తెలీదు తాతా."

"తొందరేం లేదు. తేలినప్పుడు చెప్పు. అందాకా నాదే."

తనదన్నాడు కాబట్టి తాత ఆ సంచి వాడక తప్పలేదు. అన్నం ముద్దలు అందులోనే, పొగాకు అందులోనే, ఇంటికి కొనుక్కెళ్ళే ముల్లంగి కూడా అందులోంచే తోక బయటపెట్టి ఊగేది. పిల్లలు వెంటపడి "తాతా, బడి గంట కొట్టేశారు!" అని అరిస్తే, "ఇవాళ నాకు కడుపునొప్పి, మాస్టారికి చెప్పండి" అనేవాడు. రోజూ కినుయో ఇంటి ముందు మాత్రం ఒక్క క్షణం ఆగేవాడు.

"తేలిందా?"

"ఇంకా లేదు తాతా."

ఉల్లినాట్లు అయిపోయాక, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, వాళ్ళ గుమ్మం ముందే సంచి పట్టీ తెగింది. ముల్లంగి నీళ్ళలో పడింది.

"లోపలికి రండి బాబాయ్, కుట్టేస్తాను" అని మసు పిలిచింది.

తాత కుంపటి దగ్గర చతికిలబడి, సంచిలోంచి డబ్బా తీసి కినుయో ఒళ్ళో పెట్టాడు. "నా ఊరగాయ. జాగ్రత్త." మసు సంచి తిరగేసి, మూతలోపల కత్తిరించిన చోట బొటనవేలితో ఒకసారి తడిమింది. సూదిలో దారం ఎక్కించుకుంది.

వాన పడుతూనే ఉంది. మూర దూరంలో అమ్మ చేతులు. ఉల్లి నారు నాటి నాటి వేళ్ళ నిండా నల్లటి గీతలు. కినుయో డబ్బా మూత తీసింది.

"అమ్మా, ఇది నీది."

మసు కవరు మీద తన పేరు చూసింది. చెయ్యి చాపలేదు. "చేతిలో సూది ఉంది. నువ్వే చదువు."

కినుయో కవరు చింపి చదవడం మొదలుపెట్టింది. ఈ పిల్ల లెక్కల్లో మా బడిలోనే మొదటిదని, ఫీజు సంగతి తాను చూసుకుంటానని, దయచేసి చదువు మానిపించవద్దని రాశారు మాస్టారు. మానిపించవద్దు అన్న మాట దగ్గర ఆమె కాగితం దించేసింది.

"అబద్ధం చెప్పానమ్మా. చదువంటే ఇష్టం లేదని."

"తెలుసు" అంది మసు, సంచి వైపే చూస్తూ. "పొయ్యి బూడిదలో పుల్లతో లెక్కలు రాసి చెరిపేసేదానివి. చూశాను. చూసి, నువ్వు చెప్పిందే నమ్మినట్టు ఊరుకున్నాను. ఆ ఏడు నీ రెండు చేతులూ లేకపోతే మనం బతికేవాళ్ళం కాదే. అబద్ధం నీ ఒక్కదానిదే కాదు."

తాత గట్టిగా ముక్కు చీదాడు.

"ఆ మాస్టారు కాస్త ఎక్కువ రాశారు" అన్నాడు. "నా లెక్కలు మరీ అంత బాగుండవు."

మసు తలెత్తింది. "మీ గురించి కాదు బాబాయ్!"

"సంచి ఎవరిది?"

"మీదే."

"డబ్బా?"

"మీదే."

"మరి అందులో ఉత్తరం ఎవరి గురించి రాస్తారు?"

మసు చెంపల మీద నీళ్ళు జారుతుండగానే నవ్వు తన్నుకొచ్చింది. మోచేత్తో మొహం తుడుచుకుని, "చదవవే, మా బాబాయి గురించి ఇంకా ఏం రాశారో" అంది.

కినుయో కాగితం దగ్గరగా పెట్టుకుంది. "'తరగతిలో ఎన్నడూ గొంతెత్తి మాట్లాడి ఎరగదు.'"

గెంపాచి తాత కళ్ళు మూసుకుని, నిదానంగా తలాడించాడు.

"అది మాత్రం నిజం" అన్నాడు. ఆ కేకకు పెరట్లో కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ వానలోకి పరిగెత్తాయి. "నాది మొదట్నుంచీ మెతక గొంతు!"