ఊఁ, కానివ్వండి

ఏలూరులోని మా ఆర్కెస్ట్రాలో ఆవిడే ప్రధాన గాయని. మేమంతా అక్కా అని పిలిచేవాళ్లం. యుగళగీతం మొదలయ్యే ముందు మైకు పక్కకి తిప్పి, తనతో పాడే ఆయనకి మాత్రమే వినపడేలా "ఊఁ, కానివ్వండి" అనేది. ఆ మాట వింటే గాని ఆయన గొంతెత్తేవారు కాదు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. తాడేపల్లిగూడెం చర్చిలో పాడుకునే నన్ను కోరస్ కోసం తీసుకున్నారు. మండవల్లిలో ఓ చేపల చెరువుల రైతు ఇంటి పెళ్లిలో అక్క గొంతు పూర్తిగా పట్టేసింది. "అమ్మాయ్, ఈ పాట నువ్వు పాడెయ్" అని సైగ చేసి నన్ను ముందుకి తోసింది. వాద్యాలు మొదలైనా ఆయన నోరు విప్పలేదు. స్టేజీ కింద కూర్చున్న అక్క వైపు చూశారు. ఆవిడ పెదవులు కదిలాకే పాడారు.

ఆ పాటతోనే ఆయనకీ నాకూ పరిచయం. ఏడాది తిరక్కుండానే పెళ్లి. తర్వాత కూడా వాళ్లిద్దరూ జంటగా పాడుతుంటే, కోరస్‌లో నిలబడి కుళ్లిపోయేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అక్కా, మా ఆయనంటే మీకు ఇష్టమాండీ?"

ఆవిడ నొచ్చుకోలేదు.

"ఆయనతో పాడటం ఇష్టమమ్మా. మిగతా మనిషంతా నీకే."

పెళ్లి చేసుకుని అక్క తణుకు వెళ్లిపోయింది, పాట మానేసింది. అప్పటినుంచీ ఆయన నాతోనే పాడుతున్నారు. శ్రుతి తప్పరు, మాట తప్పరు. ఆవిడతో పాడినట్టు మాత్రం ఒక్కసారీ పాడలేదు.