నిండు వేగంలో ఒక సన్న చప్పుడు

మా ఆయన బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఫిట్టరు. చక్కెరను మడ్డి నుంచి విడదీసే మిషన్లు ఆయన చేతిలో ఉండేవి. పెద్ద గంగాళాల్లాంటివి, గిర్రున తిరుగుతుంటాయి. వాటికి కొత్త బేరింగ్ వేస్తే ఆయనదొక పద్ధతి. సరుకు పోయకుండా గంటసేపు నిండు వేగంలో తిప్పాలి. పొడుగు స్క్రూడ్రైవరు మొన మిషనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినాలి. మెల్లగా తిరిగేటప్పుడు ఏ మిషనైనా మంచిదేననీ, దాని గుణం వేగంలోనే బయటపడుతుందనీ అనేవాడు. నా విసుర్రాయికి కూడా చెవి పెడితే నేను నవ్వేదాన్ని.

మా పెద్దపిల్ల బడిలో చేరిన ఏడు చెరకుకు పురుగు పట్టింది. ఆకులు జిగటగా, నల్లగా అయిపోయాయి. మందు చల్లడానికి చిన్న విమానం వస్తే ఊరి బయట బీడు చదును చేసి దింపారు. దానితో వచ్చిన మెకానిక్కు మూడో రోజే చలిజ్వరం వచ్చి నిజామాబాద్ ఆసుపత్రిలో పడ్డాడు. నూనె చూడటానికి, నట్లు బిగించడానికి మా ఆయన్ను పంపారు. అంతవరకే ఆయన పని.

మర్నాడు పొద్దున్నే సద్ది పట్టుకుని పోయాను. ఇంజను నడుస్తోంది. విమానం ముక్కున తిరిగే పంకాకు మూరెడు దూరంలో మా ఆయన, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని. నేను సద్ది పట్టుకుని దూరంగానే నిలబడ్డాను. ఇంజను ఆపాక ఆయన పైలట్ దగ్గరికి పోయి అన్నాడు.

"మెల్లగ తిరిగినప్పుడు మంచిగనే ఉంది సాబ్. జోర్ల తిరిగితే లోపల ఏదో కొడుతుంది. గిప్పుడే పైకి పోకుండ్రి."

పైలట్ చిన్నవాడు, ఉత్తరాది మనిషి. తన ముందున్న మీటర్ల ముళ్లన్నీ సరిగ్గానే ఉన్నాయని ఉర్దూలో చెప్పాడు. మందు చల్లేటప్పుడు విమానం చెరకు మీద మనిషెత్తున పోయి, పొలం చివర నిండు వేగంతో పైకి లేవాలి. అక్కడ ఇంజను ఆగితే దిగడానికి చోటుండదు. అందుకే గంటసేపు నేలమీదే నిండుగా తిప్పి చూద్దామన్నాడు మా ఆయన. ఈ ఇంజను ఎగిరేటప్పటి గాలికే చల్లబడుతుంది, నిలబెట్టి గంట తిప్పితే తనను తానే కాల్చుకుంటుంది అన్నాడు పైలట్. మా ఆయనకు ఆ సంగతి తెలియదు. తప్పించుకునే మాట అనుకున్నాడు.

పక్కనే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద చెరకు వేసిన రైతు ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆ రోజు వంతు ఆయన పొలానిది.

"చక్కెర మిషను బాగుచేసేవాడివి, విమానం సంగతి నీకేం తెలుసయ్యా?" అన్నాడు.

"విమానం తెల్వదు. తిరిగేది తెలుసు."

చివరికి పైలట్ పది నిమిషాలకు ఒప్పుకున్నాడు. ఏడో నిమిషానికే వేడి ముల్లు పైకి పోయిందని ఆపేశాడు. కమురు వాసన వచ్చింది. నాకు ఏ చప్పుడూ వినబడలేదు. ఆ మాట ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

మంచి ఇంజనును ఉడకబెట్టాడన్నాడు రైతు. పైలట్ ముఖం ఎర్రబడింది. గాలి లేవకముందే పోవాలని మళ్లీ ఎక్కబోతే మా ఆయన విమానం పక్క రెక్క పట్టుకున్నాడు.

"అరిగిన ఇనుము ఉందేమో నూనె తీసి సూద్దాం సాబ్. ఏం లేకుంటే రేపటి నుంచి నేను ఫ్యాక్టరీకి పోను."

ఇంట్లో నలుగురం ఆ జీతం మీదే బతికేవాళ్లం. ఆయన నా వైపు చూడకుండానే సద్దికి కట్టిన గుడ్డ అడిగాడు. పాలు వడకట్టే పాత పంచె ముక్క అది. విప్పి ఇచ్చాను. కాగే నూనె దాని మీదుగా డబ్బాలోకి వదిలారు. గుడ్డ నల్లగా అయింది, అంతే. రైతు నవ్వాడు. మా ఆయన చేతిలోంచి గుడ్డ నేను తీసుకుని, మీద కాస్త పెట్రోలు పోయించి, ఎండకు ఎత్తి పట్టాను.

అప్పుడు మెరిశాయి. చిన్నచేప పొలుసుల్లా, పది పన్నెండు ఇనుప రేకలు. పైలట్ ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాడు. విమానం చక్రం పక్కన నేలమీద కూర్చుండిపోయాడు.

నాలుగు రోజులకు జ్వరం తగ్గి ఆ మెకానిక్ వచ్చి ఇంజను విప్పాడు. లోపలి బేరింగ్ పొర రేకలుగా లేచిపోయి ఉంది. ముందునుంచే పోతున్నదనీ, నేలమీద తిప్పిన తిప్పుడు దాన్ని ఇంకా ముందుకు తోసిందనీ చెప్పాడు. గాల్లో ఎంతసేపు నిలిచేదని అడిగితే చెప్పలేనన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ సగం తప్పు మా ఆయనను చాలా రోజులు తిననివ్వలేదు. మందు ఆలస్యమై రైతు చెరకు రెండెకరాలు ఎండింది. ఆయన మమ్మల్ని చూస్తే తల తిప్పుకునేవాడు.

కొత్త బేరింగ్ వచ్చాక పైలట్ జీపు పంపి మా ఆయన్ను పిలిపించాడు. ఆయన స్క్రూడ్రైవరు ఆనించి, నిండు వేగంలో విని, చెయ్యి ఊపాడు. విమానం లేచి కందకుర్తి దిక్కున చెరకు మీదికి వంగింది. చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆయన అక్కడే నిలబడి విన్నాడు.

గంట ఎందుకు వినలేదని నేనే అడిగాను.

"రెండు నిమిషాలే. నిలబెట్టి గంతకంటె ఎక్కువ దాన్ని తిప్పొద్దు" అన్నాడు.