నెత్తిన కప్‌బోర్డు, ముక్కులో తుమ్ము

పోయిన ఎండాకాలం మార్కాపురంలో మా వంటిల్లు బాగుచేసుకున్నాం. మాడ్యులర్ కిచెన్ ముక్కలుముక్కలుగా అట్టపెట్టెల్లో వచ్చింది. బిగించే మనిషి రెండు రోజులు ఆగమన్నాడు. యాభై రెండేళ్లొచ్చినా నాకు ఆగడమొక్కటే చేతకాదు. "శ్రీశైలం డ్యామే కట్టేస్తా, ఇదెంత!" అని డ్రిల్లు మిషన్ పట్టినాను.

కింది అరలు ఎట్లో నిలబడ్డాయి. గోడకు తగిలించే కప్‌బోర్డు నల్లమల కొండంత బరువుంది. దాన్ని నెత్తిన ఎత్తుకుని గోడకు ఆనించినాక చూస్తే స్క్రూలు చాలలేదు. దించుదామంటే కింద కొత్త గాజు స్టవ్వు.

"సుజాతా, సందు చివర దుకాణానికి పరిగెత్తు!" అని అరిచినాను.

మా ఆవిడ గడప దాకా పోయింది. అంతలో డ్రిల్లు దుమ్ము ముక్కులో దూరి, అడవిలో పులులు బెదిరేట్టు తుమ్మినాను. ఒక్కటే తుమ్ము.

ఆమె వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుంది. "ఒంటి తుమ్ము తుమ్మితివి, ఎట్ల పోవాల? ఇంకోటి తుమ్ము, పోతా."

"హాచ్!" అన్నాను.

"దొంగ తుమ్ములు చెల్లవయ్యా" అని తీరుబడిగా చెంబెడు నీళ్లు తాగింది. నా నెత్తిన కప్‌బోర్డు అంగుళమంగుళం జారుతోంది.

"పోవే తల్లీ!" అని ఏడ్చినంత పని చేసినాను.

ఆమె గడప దాటిందో లేదో అసలైన రెండో తుమ్ము వచ్చింది. కప్‌బోర్డు నా భుజం గీరుకుంటూ పోయి స్టవ్వును పచ్చడి చేసింది.

రెండు రోజులాగి ఆ మనిషే వచ్చి అంతా పావుగంటలో బిగించినాడు. నా ఆత్రానికి నాకే సిగ్గేసింది. మా ఆవిడ మాత్రం ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఒకటే చెబుతోంది: "ఆరోజు నేను కూర్చుని నీళ్లు తాగి పోబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఈయన తలే పగిలేది!"