సిమెంటు లేని గోరీలు

మస్కట్‌లో పదకొండేళ్లు మేస్త్రీ పని చేశాను గానీ, సైటూ రూమూ తప్ప ఈ దేశంలో ఏముందో చూడలేదు. నన్ను మొదటిసారి ఊరు చూడ్డానికి తీసుకెళ్లింది కాకా. మా జగిత్యాల వైపు మనిషే, నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. ఒకప్పుడు ఊళ్లో బావులకు రాతికట్టు కట్టినవాడు. ఇక్కడ మాత్రం ఆయన చేతికి వచ్చింది సిమెంటు బ్లాకులే. చూపు మందగించిందని, మూడు నెలల్లో ఇంటికి పంపేస్తామని కంపెనీ చెప్పింది.  ఆ శుక్రవారం సెలవునాడు పొద్దున్నే నన్ను లేపి, పోయేలోపల ఒక్క చోటన్నా చూసిపోదామన్నాడు.

మా డ్రైవర్ దోస్తు పికప్‌లో ఇబ్రీ వైపు ఐన్ అనే ఊరికి వెళ్లాం. గుట్ట మీద వరసగా రాతి గోరీలు, ధాన్యం గుమ్ముల్లా గుండ్రంగా నిలబడి ఉన్నాయి. వేల ఏళ్ల నాటివట, డ్రైవర్ బోర్డు చదివి చెప్పాడు. కొన్ని సగం కూలాయి. కాకా ఒక గోడ దగ్గరికి పోయి అరచేత్తో తడిమాడు. సున్నం లేదు, సిమెంటు లేదు. దాని చుట్టూ చాలాసేపు తిరిగాడు.

అక్కడే ఇటలీ నుంచి వచ్చిన పెద్ద వయసు జంట ఉంది. రోమ్‌లో తాము చూసిన పాత గోడల్లో సున్నం ఉంటుందని, ఇవి ఏమీ లేకుండా ఎలా ఆగాయని ఆవిడ డ్రైవర్‌ని ఇంగ్లీషులో అడిగింది. డ్రైవర్ అది నాకు హిందీలో చెప్పాడు. నేను కాకాని అడిగాను.

కాకా కింద కూర్చుని బిస్కెట్ ప్యాకెట్ విప్పాడు. ఒకదాని మీద ఒకటి, ఒక్కోటి కొంచెం లోపలికి జరుపుతూ పేర్చాడు. వెనక కొసల మీద గులకరాళ్లు బరువు పెట్టాడు.

"ప్రతి రాయికి ముక్కుంటది, తోకుంటది. తోక మీద బరువుంటే ముక్కు కింద పడదు."

నేను హిందీలో చెప్తే డ్రైవర్ ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ ఒక గులకరాయి తీసి చూసింది. బిస్కెట్లు కూలాయి. అందరం నవ్వాం. తనే మళ్లీ పేర్చి, అవి నిలబడ్డాక కాకా చేయి పట్టుకుని ఊపింది. ఆ నెలలో ఆయన ముఖంలో నవ్వు చూడటం నాకదే మొదలు.

తిరిగొచ్చే దారిలో ఆ పని నాకూ నేర్పమని అడిగాను. ఈ వయసులోనా అన్నాడు గానీ, తర్వాతి శుక్రవారం నుంచి సీబ్ దగ్గర ఎండిన వాగులో రాళ్లేరించి, సిమెంటు లేకుండా గోడ మూలలు కట్టించాడు. కట్టింది నేను, కూలగొట్టింది ఆయన. చేత్తో తడిమే తప్పు పట్టేవాడు. వెళ్లే ముందు వారం మాత్రం ఒక గోడని కూల్చకుండా వదిలేశాడు.

ఆయన వెళ్లిన ఏడాదికి, కొండల్లో ఒక పాత ఊరి రాతి ఇళ్లు బాగుచేసే పనికి మా కంపెనీ మనుషుల్ని అడిగింది. చెయ్యెత్తాను. ఫోర్‌మన్ ఒక మూల కట్టి చూపించమన్నాడు, చూపించాను. ఇప్పుడు నా డ్యూటీ అక్కడే.

ఊళ్లో కాకా కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. మొన్న నా గోడ ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. బాగుందంటాడనుకున్నాను.

"కింది నుంచి నాలుగో వరుసల ఒక రాయి వదులుగ కనవడుతుంది బిడ్డా. రేపు పోంగనే చూడు."

పొద్దున వెళ్లి కదిపి చూశాను. నిజమే. తీసి, మళ్లీ పెట్టాను.